కరెంటు పోయిన క్లాసు

ద్వారకానగర్‌లో మూడో అంతస్తు.
కింద జిరాక్సు దుకాణం, పైన వాటర్ ట్యాంకు,
మధ్యలో మా ఇంగ్లీషు.
సాయంత్రం ఆరున్నర బ్యాచి, పదకొండు మంది.
సముద్రం కనపడదు గానీ
కిటికీ ఊచ ముట్టుకుంటే వేలికి ఉప్పు.

ఆఫీసు వాళ్లు ఫారం పంపారు.
ఒక్కొక్కరూ ఎలా నేర్చుకుంటారో టిక్కు పెట్టాలట:
చూసా, వినా, చేసా.
అడుగున ఇంకో గడి,
మాట్లాడటానికి సుముఖత, పదికి ఎంత?

సలోమి కేజీహెచ్‌లో నర్సు.
వింటే చాలు, పట్టేస్తుంది.
వార్డులో ఏ మూలుగు ఏ మంచానిదో చెప్పే చెవి అది.
సుముఖత ఆరు.
మాస్కు పెట్టుకుంటే తొమ్మిది అంటుంది.

అప్పలనరసమ్మ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు లెక్క రాస్తుంది.
ఏ మాటైనా తెలుగులో రాసుకుంటేనే నోట్లోకి వస్తుంది.
వెడ్‌నెస్‌డే అని రాసి, డ కొట్టేసి, మళ్లీ పెట్టి,
"పలకని అచ్చరానికి కూడా కూలియ్యాలేటి మేడమ్?" అంది.
నా దగ్గర జవాబు లేదు. నవ్వాను.

లక్ష్ముంనాయుడికి సిగ్గు తెలీదు.
సింహాచలం బస్సులా
తప్పుల్ని ఎక్కడ పడితే అక్కడ ఎక్కించుకుంటూ
చివరి స్టాపు దాకా పోతాడు.
పదికి పది.

ఎర్రాజు పేరు దగ్గర పెన్ను ఆగింది.

పోర్టులో సిగ్నల్‌మేన్.
ఓడ అంచున నిలబడి పైన క్రేను వాడికి చేతులతో చెబుతాడు.
పిడికిలి బిగిస్తే ఆగు.
వేలు గాల్లో తిప్పితే ఎత్తు.
ఇరవై టన్నులు ఆ వేలి మాట వింటాయి.
ఏ దేశపు ఓడ వచ్చినా ఆ చేతులకు తర్జుమా అక్కర్లేదు.
క్లాసులో మాత్రం అవి తొడల కింద ఉండేవి.
నలభై రోజులు.
పేరేమిటని అడిగినా పక్కవాడే చెప్పేవాడు.

చూసా? వినా? చేసా?
ఏమో.
సుముఖత గడిలో ఒకటి వేశాను,
సున్నా వెయ్యడానికి చెయ్యి రాక.

ఆ సున్నా నాకు తెలుసు.
టెక్కలి నుంచి యూనివర్సిటీకి వచ్చిన మొదటి ఏడు,
సెమినార్ హాల్లో నా వంతు వచ్చినప్పుడు
జవాబంతా గొంతులో సిద్ధంగానే ఉంది.
మొదటి మాటకు ముందు "ద" పెట్టాలా వద్దా
తేలక కూర్చుండిపోయాను.
పక్క అమ్మాయి నా జవాబే చెప్పింది.
అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఆ శుక్రవారం వాన.
ఏడుంబావుకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది.
ఇన్వర్టరు ఎప్పుడో చచ్చింది.
ఫోన్లన్నీ తలుపు దగ్గర బుట్టలో,
నేను పెట్టిన రూలే.
నైట్ డ్యూటీకి వేళైందని సలోమి లేచి
బెంచీ తన్నుకుంది. చిన్న కేక.

వెనక వరసలోంచి ఒక గొంతు.
"స్టాప్."

ఎవరిదో పోల్చుకోలేకపోయాను.
"లెఫ్ట్. స్మాల్ లెఫ్ట్.
స్లో, స్లో. బెంచ్ దేర్.
నౌ స్ట్రెయిట్. హోల్డ్. హోల్డ్.
ఓకే. కమ్."

ఆమె చెప్పుల చప్పుడు వింటూ,
నలభై రోజులు నోరు మూసుకుని
అంగుళం అంగుళం చూసి పెట్టుకున్న గదిలోంచి,
ఒక మనిషిని బరువులా జాగ్రత్తగా నడిపిస్తున్నాడు.
చీకట్లో చేతులు కనపడవు కదా,
నోరు పనిలోకి దిగింది.

బుట్ట దొరికింది.
ఫోన్లు ఒక్కొక్కటే వెలిగాయి.
వెలుగు పడగానే
ఎర్రాజు చేతులు మళ్లీ తొడల కిందికి.
"అది నువ్వేటిరా!" అన్నాడు నాయుడు.
వాడు కిటికీ వైపు తిరిగాడు.

సోమవారం. ఫారం ఇంకా నా సంచిలోనే ఉంది.
ఎర్రాజు అదే బెంచీలో.
నేనేమీ అడగలేదు.
పాఠం మధ్యలో లేచి వెళ్లి
మెయిన్ స్విచ్ కట్టేశాను.

కింద జిరాక్సు మిషను
ఎవరివో మార్కుల లిస్టులు తీస్తోంది.
చాలాసేపు అదొక్కటే చప్పుడు.

తర్వాత, వెనకనుంచి,
"మేడమ్. ఫ్యాన్ ఆల్సో ఆఫ్."

వాక్యంలో క్రియ లేదు,
గదిలో గాలి లేదు.
ఇంకో నిమిషం దాకా
నేను రెండూ సరిచెయ్యలేదు.